పత్తిచేలో సాలీడు

అల్ నహ్దాలో స్థిరపడిన మనలో పలువురికి వరంగల్, గుంటూరు పత్తిచేలు పరిచితాలే. 2002లో భారత ప్రభుత్వం బి.టి. పత్తి సాగును అనుమతించినప్పుడు ఒక సందేహం కలిగింది: కాయతొలుచు పురుగును చంపే విషం, రైతుకు మేలుచేసే సాలీడును, అక్షింతల పురుగును కూడ చంపదా?

బాసిల్లస్ తురింజెన్సిస్ అనే నేల బాక్టీరియా జన్యువును పొందిన పత్తిమొక్క క్రై1ఏసి అనే ప్రోటీనును తయారుచేస్తుంది. గొంగళిపురుగు పేగులోని క్షారద్రవంలో అది కరిగి, ఎంజైముల వలన ఉత్తేజితమై, పేగుగోడపై తనకు సరిపడే గ్రాహకాలను పట్టుకొని రంధ్రాలు చేస్తుంది. గ్రాహకం తాళమైతే ప్రోటీను తాళంచెవి. సాలీడులో ఆ తాళం లేదు. పిచికారీ మందులలో అనేకానికి ఇట్టి విచక్షణ లేదు. ఉత్తర చైనాలో 1990 నుండి 2010 వరకు 36 చోట్ల జరిపిన పరిశీలనలో, బి.టి. పత్తి వచ్చి మందులు తగ్గిన చేలలో సాలీళ్లు, అక్షింతల పురుగులు పెరిగాయి.

అయితే పచ్చదోమ, తెల్లదోమలపై ఈ ప్రోటీను పనిచేయదు. గులాబీరంగు పురుగు 2010 నాటికి గుజరాతులో దీనిని, తరువాత రెండవ ప్రోటీనును సైతం తట్టుకొన్నది. రైతు మళ్లీ మందుడబ్బా భుజానికెత్తుకొన్నాడు. జన్యువు విడిచిపెట్టిన సాలీడును మందు విడిచిపెట్టదు. చేను చుట్టూ సాధారణ పత్తి వరుసలు వేసి పురుగు నిరోధకశక్తిని ఆలస్యం చేయడం, అవసరమైతేనే మందు చల్లడం సాలీడుకే కాదు, రైతుకూ రక్ష.