పాపికొండల్లో గొడ్డలికి అడ్డెవరు?

పాలకొల్లు నుంచి పాపికొండల బోటు ట్రిప్‌కి వెళ్లి మనం ఫోన్లలో తీసుకొచ్చే ఆ అడవి 2008 నుంచి నేషనల్ పార్కు. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. మామూలు రిజర్వు ఫారెస్టులో కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ ఉంటే కలప కొట్టొచ్చు. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతు అది (గోదావర్మన్ కేరళ ఆయన, మన గోదావరితో సంబంధం లేదండోయ్!). నేషనల్ పార్కులో అదీ కుదరదు. వన్యప్రాణుల మేలుకి తప్ప చెట్టు కొట్టకూడదంటుంది 1972 చట్టం.

కొట్టేసి మళ్లీ మొక్కలు నాటితే పోలా? పోదు. కొండవాలు మట్టిని పట్టి ఉంచేది ముదురు వేర్లు, ఏళ్లుగా రాలిన ఆకులు. అవి పోతే మట్టి వానకి కొట్టుకొచ్చి ధవళేశ్వరం దగ్గరా మన కాలువల్లోనూ పూడికవుతుంది.

చట్టం గొడ్డలిని ఆపింది గానీ, పోలవరం నిండితే ఈ అడవిలో కొంత మునుగుతుంది. ఆ నీళ్లలో మన డెల్టాకీ వాటా ఉంది.