స్ప్లిటర్: బిగింపు ముందా, రంగు ముందా?

ముందు బంపర్ కింద ఆ పలక ఎందుకు? అందానికేనా?

అందం ఉంది, కాదనను. అసలు పని మాత్రం గాలితో. కారు వేగంగా పోతుంటే ముక్కుకి ఎదురైన గాలి అక్కడే ఆగి ఒత్తిడి పెంచుతుంది. స్ప్లిటర్ చేట అంచులా ముందుకు చొచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆగిన గాలి దాని వీపు మీద నొక్కుతుంది. కింద నుంచి దూరిన గాలి వేగంగా జారిపోవడంతో అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. రెండూ కలిసి ముందు చక్రాలను నేలకు అదుముతాయి.

ఎంత బలంగా? 160 సెంటీమీటర్ల వెడల్పున్న పలక 5 సెంటీమీటర్లు ముందుకు వచ్చిందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దాని పైభాగం మీద పడే ఒత్తిడి మహా అయితే 4 కిలోల బరువుతో సమానం. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది, అంటే 15 కిలోల పైమాటే. ఆఫీసు దారిలో ఈ తేడా చేతికి తెలియదు, రేస్ ట్రాక్ మీద మలుపుల్లో తెలుస్తుంది. అయితే ఆ బలాన్నంతా మోసేది మీరు బిగించే స్క్రూలే. ఆ సంగతి మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టాలి.

ఏ కారుకైనా ఒకటే పద్ధతా?

కాదు. అమెరికాలో చాలామంది ఇంటి గరాజ్‌లోనే పని చేసుకునే కారు ఒకటి తీసుకుంటాను: షెవర్లే కార్వెట్ అయిదో తరం, సీ5. 1997 నుంచి 2004 మోడల్ దాకా కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ కర్మాగారంలో తయారైంది. ఈ కారు ముక్కుకి పెద్ద జాలీ కనిపించదు. రేడియేటర్‌కి గాలి కింద నుంచి అందుతుంది. బంపర్ వెనక నేల వైపు వేలాడే నల్లటి గాలి అడ్డు, అంటే ఎయిర్ డ్యామ్, అక్కడ ఒత్తిడి పెంచి గాలిని రేడియేటర్‌లోకి తోస్తుంది. రోడ్డుకి రాసుకుంటోందనో, స్ప్లిటర్‌కి అడ్డమనో దాన్ని పీకేస్తే హైవే మీద ఇంజన్ వేడెక్కుతుంది. కాబట్టి డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు కారు కింద పడుకుని గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి. పలక వెనక అంచు ఆ దారిని ఏమాత్రం మూసినా, ఆ పలక మీ కారుకి పనికిరాదు.

రంగు ముందా, బిగింపు ముందా?

ముందు బిగింపు. తరవాత విప్పి రంగు. మళ్ళీ బిగింపు. రెండు సార్లు పని అని విసుక్కోవద్దు, ఈ పనంతటికీ కీలకం ఇదే.

విడి కంపెనీల స్ప్లిటర్లు మీ బంపర్‌కి అచ్చంగా అతుకుతాయన్న హామీ లేదు. ఒక మూల పొడుచుకు రావచ్చు, మధ్యలో సందు రావచ్చు. రంగు వేయని పలకనైతే గరుకు కాగితంతో అరగదీయవచ్చు, వేడిగాలి తగిలించి కొంచెం వంచవచ్చు, రంధ్రాలు సరిచేయవచ్చు. రంగు వేశాక ఇవేవీ కుదరవు. రంగు మీంచి డ్రిల్లు వేస్తే రంధ్రం చుట్టూ పెచ్చు లేస్తుంది, ఆ అంచులోంచి నీరు దూరి రంగు పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఇప్పటికే రంగేసిన పలక కొని ఉంటే మాత్రం రంధ్రం పడే చోట మాస్కింగ్ టేపు అంటించి, పదునైన బిట్‌తో రంగున్న వైపు నుంచి, మెల్లని వేగంతో తొలవాలి. వేగం పెరిగితే ప్లాస్టిక్ కరుగుతుంది.

ఆ రంగు ఇంట్లో వేసుకోవచ్చా?

పలకకి గరుకు పట్టించడం, కడిగి ఆరబెట్టడం, ప్రైమర్ వేయడం ఇంట్లో చేసుకోండి. పాలీప్రొపిలీన్ రకం ప్లాస్టిక్ అయితే ప్రైమర్ కంటే ముందు దాన్ని పట్టి ఉంచే ప్రత్యేకమైన పూత తప్పనిసరి, లేకపోతే రంగు గోటితో గీకినా వస్తుంది. ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌కి అంత గొడవ లేదు. రంగు మీద వేసే చివరి పారదర్శక పూత, క్లియర్ కోట్, మాత్రం పెయింట్ షాపుకే వదిలేయమంటాను. గట్టిపరిచే ద్రవం కలిపి వాడే క్లియర్ కోట్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే తరవాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. మామూలు దుమ్ము మాస్కు దాన్ని ఆపదు. డబ్బు ఆదా కోసం ఊపిరిని పణంగా పెట్టవద్దు.

సరే, బిగించడం ఎలా?

కారుని జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టి కిందికి దూరవద్దు. కంపెనీ సూచించిన చోట్లలో జాకీ పెట్టి ఎత్తి, జాక్ స్టాండ్ల మీద కూర్చోబెట్టి, ఊపి చూసి, అప్పుడు దూరాలి. ముక్కు కిందుగా ఉండే కార్లకు మామూలు జాకీ పట్టదు. ముందు చక్రాలను రెండు మందపాటి చెక్కల మీదికి ఎక్కిస్తే చోటు దొరుకుతుంది.

బంపర్ మధ్య గుర్తు పెట్టుకుని, పలక మధ్య గుర్తుతో కలిపి, మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా నిలపండి. ఇక్కడ ఇంకో మనిషి సాయం కావాలి, ఇంట్లో ఎవరినైనా పిలవండి. దూరం నుంచి రెండు మూలలూ సమానంగా ఉన్నాయో లేదో చూడగలిగేది వాళ్ళే. బంపర్ వెనక వైర్లు, సెన్సర్లు లేవని నిర్ధారించుకున్నాకే రంధ్రం. మధ్య స్క్రూ మొదట, తరవాత ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, అలా చివరలకి. అన్నీ వదులుగా పట్టించి, చివర్లో చేత్తోనే బిగించాలి. ఇంపాక్ట్ డ్రైవర్ వద్దు, స్క్రూ తల కింద రంగు చిట్లుతుంది.

పలకలో మధ్య రంధ్రం బిగుతుగా, మిగతావి కోలగా తొలవాలి. ఎందుకంటే ప్లాస్టిక్ వేడికి సాగుతుంది. ఏబీఎస్ మీటరుకి డిగ్రీకి దాదాపు 0.08 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 160 సెంటీమీటర్ల పలక 40 డిగ్రీల తేడాకి 5 మిల్లీమీటర్లు సాగిందన్నమాట. బంపర్ కూడా సాగుతుంది గానీ రెండూ ఒకే లెక్కలో సాగవు. జరిగే చోటు ఇవ్వకపోతే పలక అలలుగా లేస్తుంది, లేదా రంధ్రం దగ్గర పగులుతుంది.

డబుల్ సైడ్ టేపు చాలదా?

స్క్రూలకు తోడుగా మంచిదే, వాటి బదులుగా కాదు. త్రీఎం వీహెచ్‌బీ లాంటి టేపు గట్టిగా పట్టాలంటే రెండు వైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు కలిపిన గుడ్డతో తుడవాలి. గది వేడిలో దాని పట్టు పూర్తిగా రావడానికి 72 గంటలు పడుతుంది, చలికాలపు గరాజ్‌లో ఇంకా ఆలస్యం. కొత్త రంగు మీద తొందరపడి అంటిస్తే, ఆరుతున్న రంగులోంచి వచ్చే ఆవిర్లు పట్టుని చెడగొడతాయి. పైకి ఆరినట్టు కనిపించిన రంగు లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది. రాళ్ళ దెబ్బలు ఆపే పారదర్శక ఫిల్మ్ కూడా ఆ తరవాతే.

అంచు నేలకు రాసుకుపోతే?

డ్రైవ్‌వే ఎక్కేటప్పుడు ఏటవాలుగా ఎక్కండి, ముందు ఒక చక్రం, తరవాత రెండోది. అంచు అడుగున రంగు కొంత పోవడం ఖాయం, అందుకే అదే రంగు చిన్న సీసా ఒకటి షాపు నుంచి అడిగి తెచ్చుకోండి. మొదటి వారం నెమ్మదిగా నడిపి, మళ్ళీ కారు కిందకి దూరి ప్రతి స్క్రూనీ చేత్తో తిప్పి చూడండి. వదులైనవి బిగించాకే హైవే వేగం.