స్వల్పవ్యయముతో గృహాలంకారము

ఇల్లు చక్కగా నుండుటకు ధనము కావలెనని అనేకులు తలంతురు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పేదకుటుంబములు పండుగకై అప్పుచేసి రంగుడబ్బాలు కొనుట మాకు వ్యసనము గలిగించుచున్నది.

మట్టిగోడకు సున్నమే తగినది. కాల్చిన సున్నపురాతిని నీట విరియించి, ఒకరాత్రి నాననిచ్చి, వడియగట్టి, కొంచెము గంజి కలిపి పలుచగా రెండుమూడు పూతలు పూయవలెను. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయివలె గట్టిపడును. గోడలోని చెమ్మ దానిగుండ వెలికిపోవును. నూనెరంగు ఆ దారిని మూయును గనుక పెచ్చులుగా నూడిపోవును. సున్నము కంటబడిన చూపునకే ముప్పు. కావున ఈ పని పెద్దలే చేయవలెను. పిమ్మట గోడయడుగున జేగురుతో జానెడు పట్టె తీర్చి, దానిపై తెల్లని ముగ్గు వేయుట పిల్లలవంతు. వానచినుకులు చిమ్మిన మట్టిమరకలు ఆ పట్టెలో కానరావు.

కిటికీకి పాత వెంకటగిరి నూలుచీర చెంగు చాలును. అది పలుచనిది గనుక వెలుతురు నాపదు. మందపు తెరలు మాకు సమ్మతములు కావు. చదువుకొను బిడ్డకు వెలుగుకంటె వేరు అలంకారమేల? వేసవిలో వట్టివేళ్ల తడిక కట్టి నీరు చల్లిన, చల్లదనమును సువాసనయు గలుగును.

భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి కొయ్యగరిటెలను నాలుగింటిని గోడకు వరుసగా తగిలించిన నదియే చిత్రపటము. కూర కలుపవలసినపుడు తీసికొనవచ్చును గూడ!

క్రిస్మసునకు వెదురుబద్దలతో నక్షత్రము కట్టి, పలుచని రంగుకాగిత మంటించి కిటికీలో వ్రేలాడదీయుడు. లోపల క్రొవ్వొత్తి నుంచరాదు. చిన్న విద్యుద్దీపము నుంచుడు.