నవోదయ ప్రవేశ పరీక్ష - గ్రామపెద్దల కర్తవ్యము



ఊరిలో నొక బిడ్డ ఎక్కములు తడుముకొనక అప్పగించినచో "వీడు కలెక్టరగును" అని మనము మురియుదుము. ఆ మాటతో మన పని తీరదు. చురుకైన పల్లె బిడ్డలకై ఏర్పరచిన బడులు మన జిల్లాలలోనే కలవు. వానిలో చేరుట కొక పరీక్ష కలదు. ఆ వేళ తల్లిదండ్రులు మొదట సలహా యడుగునది రచ్చబండ మీద కూర్చున్న మిమ్మునే. కావున ఈ విషయము మీతో ముచ్చటింపదలచితిని. నేను పెక్కేండ్లు పల్లెబడిలో పంతులుగా నుంటిని. ఈ పరీక్ష విషయమున నేను చేసిన తప్పు నొకదానిని గూడ దాచక చెప్పెదను.

ఇట్టి బడులు మనకు క్రొత్తవి కావు. 1971లో శ్రీ పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. మరుసటి యేడు తాడికొండ, కొడిగెనహళ్లి గ్రామములలోను అట్టివి నెలకొన్నవి. తరువాత వారు కేంద్రమున విద్యాశాఖను వహించిన కాలమున, 1986 జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములు దేశమున పెక్కుచోట్ల వ్యాపించినవి. నేడు ఆరువందలకు పైగా నున్నవి. అందు తిండి, బస, పుస్తకములు ఉచితము. తొమ్మిదవ తరగతి మొదలు కొందరు నెలకు కొంత చెల్లింపవలెను. ఆడపిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, దారిద్ర్యరేఖకు దిగువ నున్నవారికి అదియు లేదు.

ఇక పరీక్ష సంగతి. ఐదవ తరగతి చదువుచున్న బిడ్డలే దీనిని వ్రాయవలెను. గడువు రెండు గంటలు, ప్రశ్నలు 80, మార్కులు 100. అందు 40 ప్రశ్నలు బొమ్మలను పోల్చి చూచు బుద్ధిపరీక్ష, 20 లెక్కలు, 20 భాష. తెలుగులోనే వ్రాయవచ్చును. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు. సమాధానమునకు తగిన వలయమును కలముతో నింపవలెను. ఒకసారి నింపినదానిని దిద్దరాదు. తెలిసియు తప్పు వలయము నింపి నష్టపోయిన బిడ్డలు కలరు. కావున ముందే అట్టి కాగితముపై అలవాటు చేయించుట మేలు.

ఒక్కొక్క విద్యాలయమున ఆరవ తరగతికి 80 మందికి మించి చేర్చుకొనరు. అందు ముప్పాతిక స్థానములు పల్లె బిడ్డలవి. మూడవ వంతుకు తక్కువ గాకుండ ఆడపిల్లలవి. ఇచ్చట మీరు జాగ్రత్తగా నుండవలసిన దొకటి కలదు. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లెబడిలో చదివినవాడే పల్లె బిడ్డగా లెక్కకు వచ్చును. ఆ మూడేండ్లలో ఒక్క దినము పట్టణపు బడిలో చదివినను ఆ హక్కు పోవును. మంచి చదువు వచ్చునని మూడవ తరగతిలోనే బిడ్డను బస్తీకి పంపు తండ్రికి ఈ సంగతి ముందే తెలుపుడు. చదువుచున్న జిల్లాయు, నివాసమున్న జిల్లాయు ఒకటే కావలెను. మేనమామ ఇంట నుంచి వేరు జిల్లాలో చదివించువారికి ఇదియు చెప్పుడు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము వేరొకటి. ఈ పరీక్షను ఒక బిడ్డ జన్మలో ఒక్కసారియే వ్రాయవలెను. రెండవ తడవ లేదు. నా తప్పు ఇచ్చటనే జరిగినది.

ఒక యేట నా ఐదవ తరగతిలో ఇరువదిమంది యుండిరి. ప్రశ్న వేయగానే చేయెత్తు నలుగురిని ఏరి, వారిచేతనే దరఖాస్తు పెట్టించి, సాయంకాలములు పాఠము చెప్పుచుంటిని. వెనుక వరుసలో ఒక పిల్ల యుండెను. తల్లి కలుపుకూలికి పోవునది. పిల్ల పిలిచినగాని పలుకదు. ఆమెను నేను లెక్కలోనికి తీసికొనలేదు. గడువు దాటిన పిమ్మట ఒకనాడు నల్లబల్లపై సగము బొమ్మ గీచి, మిగిలిన సగము పూరింపుమంటిని. నా నలుగురును తెల్లబోయిరి. తమ్ముని తీసికొనిపోవుటకు వాకిట నిలిచిన ఆ పిల్ల లోనికి వచ్చి, సుద్దముక్క తీసికొని పూర్తి చేసినది. "ఎవరు నేర్పినారమ్మా?" అంటిని. "ఎవరూ లేదు మాస్టారూ, ముగ్గులాగే ఉంది గదా" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి యేడు ఆమె ఆరవ తరగతి. ఆ వాకిలి మూసికొనిపోయినది. నోరున్నవాడిదే రాజ్యమను మాటను బడిలో నేనే నిజము చేసితిని. నాటినుండి ఎవ్వరిని ఏరుట మానితిని. అర్హత గల బిడ్డ లందరిచేతను దరఖాస్తు పెట్టించితిని. దానికి రుసుము లేదు. ఏరుట పరీక్ష చూచుకొనును. మనమెందుకు ముందే ఏరవలెను?

ఎంపిక యైన పిమ్మట ఇంటిలో అలజడి పుట్టును. "పదేండ్ల పసిదానిని ఎట్లు విడుతు"మని నాయనమ్మ కంట నీరు పెట్టును. ఆ బాధ అబద్ధము కాదు. అక్కడి విద్యార్థులలో కొందరిని తొమ్మిదవ తరగతిలో ఒక యేడు వేరు భాషాప్రాంతపు విద్యాలయమునకు గూడ పంపుదురు. అందుచేత ఈ మాటలన్నియు దరఖాస్తు నాడే ఇంటిల్లిపాది కూర్చుండి తేల్చుకొనవలెను. బిడ్డను గూడ అడుగవలెను. కొంత బెంగ సహజము. కాని రాత్రింబవళ్లు తల్లిని విడువలేని బిడ్డను బలవంతముగా పంపుట మేలు కాదు. అయితే "ఆడపిల్లకు దూరపు చదువేల" అన్న మాట ఒక్కటే అడ్డమైనచో, దానిని తొలగింపవలసినవారు మీరే. మీ మాటకు ఊరిలో విలువ కలదు.

ఎంపిక కాని బిడ్డ సంగతియు చెప్పవలెను. జిల్లాలో వేలమంది వ్రాయుదురు, స్థానములు 80. పేరు రానంతమాత్రమున వానికి బుద్ధి లేదని యర్థము కాదు. ఫలితముల నాడు రచ్చబండ మీద "మీవానికి రాలేదటగా" అను పలుకరింపు ఆ పసిమనస్సున ఏండ్ల తరబడి నిలుచును. దానికి మారుగా, ప్రవేశపరీక్షలతో చేర్చుకొను రాష్ట్ర గురుకులములు మరి కొన్ని కలవని తండ్రికి చెప్పుడు. ఆ ఊరిబడిలోనే వానిని శ్రద్ధగా చదివింపుడని పంతులుతోను చెప్పుడు.

నేను కోరున దొక్కటే. ఈ యేడు మీ ఊరి ఐదవ తరగతికి ఒకసారి పోయి, ఎందరు దరఖాస్తు పెట్టిరో అడుగుడు. వెనుక వరుసలో మాటాడక కూర్చున్న బిడ్డ పేరు అందు కలదో లేదో చూడుడు.

సెలవు.