మీకు తెలుసా? డాలరు యాప్‌తో ఆస్కార్ దాకా!

అమెరికాలోని డెట్రాయిట్‌లో పాత ఇళ్లు పడగొట్టే కూలిపనికి వెళ్లే గాయకుడు రోడ్రిగ్జ్‌కు, తన పాటలు దక్షిణాఫ్రికా తెల్లజాతి కుర్రకారు నోళ్లలో నానుతున్నాయని ఏళ్ల తరబడి తెలియనే తెలియదు. 1970, 71ల్లో వచ్చిన ఆయన రెండు ఆల్బమ్‌లూ సొంతగడ్డ మీద అమ్ముడుపోలేదు. దక్షిణాఫ్రికా అభిమానులేమో ఆయన వేదిక మీదే ప్రాణం తీసుకున్నాడని నమ్మారు! చివరికి బతికే ఉన్నాడని తెలిశాక, 1998లో వాళ్ల ముందే కచేరీలు చేశాడు. స్వీడన్ దర్శకుడు మాలిక్ బెంజెలూల్ ఈ కథనే ‘సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్’గా తీశాడు. సూపర్ 8 ఫిల్మ్‌కు డబ్బులు చాలక, మిగిలిన కొన్ని షాట్లు ఐఫోన్‌లో డాలరుకు దొరికిన యాప్‌తో లాగించేశాడు. 2013లో ఆ సినిమా ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ కొట్టింది. తప్పక చూడండి. కాకపోతే ఒక సంగతి సినిమా దాటేసింది: రోడ్రిగ్జ్ 1979, 1981ల్లో ఆస్ట్రేలియాలోనూ పాడి వచ్చాడు. అది చెబితే కథలో పట్టు సడలేది మరి!