తోటకొమ్మల బూడిద – క్షారచికిత్స

ఉద్దానంలో జీడిమామిడి, మామిడి ఫలసాయం ముగిసిన పిమ్మట ఎండుకొమ్మలను, గుబురుగా పెరిగిన రెమ్మలను కత్తిరిస్తారు. కట్టెలు పొయ్యిలోకి, ఆకులు గట్టుమీది మంటలోకి పోవడం పరిపాటి. కవిటి ప్రాంతపు గృహస్థు ఒకరు అట్టి బూడిదను పొట్లం కట్టి తెచ్చి, "అయ్యా, దీనితో క్షారం చేసి మా నాన్నగారి అజీర్ణానికి ఇవ్వవచ్చునా?" అని అడిగారు.

క్షారకల్పన మన శాస్త్రంలో ఉన్నదే. అయితే బూడిదలో ఏమి మిగులుతుందో ముందు తెలియాలి.

ఎండిన కలపలో నూటికి నలభై నుండి యాభై పాళ్లు సెల్యులోజు. తక్కినదానిలో అధికభాగం హెమీసెల్యులోజు, లిగ్నిన్. ఈ మూడూ కర్బనము, ఉదజని, ఆమ్లజనుల కూర్పులే. కాలిస్తే దాదాపుగా వాయురూపం పొందుతాయి. ఖనిజ లవణాలు కలపలో నూటికి ఒక పాలు అటూఇటూగా ఉంటే, ఆకులో అంతకు కొన్ని రెట్లుంటాయి. నత్రజని కూడా ఆకులోనే ఎక్కువ. మంటలో అది చాలావరకు గాలిపాలవుతుంది. సున్నము, పొటాషియం, కొంత మెగ్నీషియం బూడిదగా నిలుస్తాయి.

ఆ బూడిదను నీట కలిపి, వడగట్టి, తేటను మరిగించి ఇంకిస్తే క్షారం. సున్నపు భాగం చాలామట్టుకు అడుగున మడ్డిలోనే ఉండిపోతుంది. తేటలోకి దిగేది ముఖ్యంగా పొటాషియం కార్బొనేటు. అనగా క్షారం తీయడమంటే పొటాషియంను ఏరి కూర్చడమే.

మూత్రపిండాలు సరిగా ఉన్నవారిలో అధిక పొటాషియం మూత్రంతో వెడలిపోతుంది. అవి చెడినవారిలో రక్తంలో నిలిచి, గుండె లయను తప్పించి, ప్రాణం మీదికి తెస్తుంది. ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి ఎన్ని గడపలు తొక్కిందో పాఠకులకు తెలియనిది కాదు. ఆకలి మందగించడం, వికారం ఆ వ్యాధి లక్షణాలు కూడా. ఇంటివారు దానినే అజీర్ణమనుకుంటారు. వృద్ధులకు, దుర్బలులకు లోపలికి క్షారం ఇవ్వరాదని సుశ్రుతుడు ఏనాడో నిషేధించాడు. పుస్తకంలో యోగం చదివేవారు నిషేధం దగ్గర పుట తిప్పేస్తారు!

ముందుగా రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నాను. అది హెచ్చుగా వచ్చింది. ఔషధమేమీ ఇవ్వక, ఆ పెద్దాయనను మూత్రపిండ వైద్యుని వద్దకు పంపాను.

మామిడి ఆకులోని మాంగిఫెరిన్ చక్కెరను తగ్గిస్తుందని విని కషాయం తాగేవారూ ఉన్నారు. మధుమేహపు మాత్రలు వాడుతూ, వైద్యునికి చెప్పకుండా దానిని తాగరాదు. ఇక మామిడి, జీడిమామిడి రెండూ నల్లజీడి కుటుంబానివే. వాటి పాలు తగిలితే కొందరికి చర్మం పొక్కుతుంది. పచ్చికొమ్మలు నరికేటప్పుడు చేతులకు గుడ్డ చుట్టుకోవాలి. ఆకులను కాల్చక, పేడతో పొరలు పొరలుగా గోతిలో వేస్తే నత్రజని మట్టికే దక్కుతుంది. జీడాకు దళసరి కనుక కుళ్లడానికి వ్యవధి పడుతుంది.

ఆ పొట్లంలోని బూడిదను కొబ్బరిచెట్టు పాదులో చల్లమన్నాను. కొబ్బరికి పొటాషియం ఎంతైనా కావాలి.