19 లీటర్లకు ముందు 60 మిల్లీలీటర్లు

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు సాధారణంగా ఒక్కో దఫాకి 5 గ్యాలన్లు చేస్తారు. మన లెక్కలో దాదాపు 19 లీటర్లు. అక్కడి 12 ఔన్సుల సీసాల్లో పోస్తే 53 సీసాలు నిండుతాయి. మరిగించడానికి ఒక పూట, పులియడానికి సుమారు రెండు వారాలు, సీసాల్లో గ్యాస్ పట్టడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. అంటే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం), హాప్స్ (చేదునూ వాసననూ ఇచ్చే పూలు), ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) కొన్న రోజు చేసిన ఎంపిక సరైనదో కాదో తెలియడానికి నెల ఆగాలి. నచ్చకపోతే ఆ 53 సీసాలూ అలాగే ఉండిపోతాయి.

అందుకే ఈ సరుకు అమ్మే దుకాణాలు కొనేముందు ఒక చిన్న గ్లాసుడు బీరు, రెండు ఔన్సులు, అంటే దాదాపు 60 మిల్లీలీటర్లు రుచి చూపించడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఎంత చూపించాలి, ఏది చూపించాలి అన్న విషయంలో అంకెలు చెప్పే మాట వినాలి.

ముందు ఈ అభిరుచి ఎంత పెద్దదో చూద్దాం. అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ అంచనా ప్రకారం 2017లో ఆ దేశంలో 11 లక్షల మంది ఇంట్లో బీరు చేసుకున్నారు. అందరూ కలిసి చేసింది 14 లక్షల బ్యారెళ్లు. అక్కడ బీరు బ్యారెల్ అంటే 31 గ్యాలన్లు. భాగించి చూస్తే మనిషికి ఏడాదికి 39 గ్యాలన్ల పైచిలుకు, అంటే ఇంచుమించు ఎనిమిది దఫాలు. ఎనిమిదిసార్లు సరుకు కొనాలి, ఎనిమిదిసార్లు రుచిని ఊహించుకోవాలి.

ప్యాకెట్ల మీద అంకెలకు కొదవ లేదు. హాప్స్ ప్యాకెట్ మీద ఆల్ఫా ఆమ్లాల శాతం ఉంటుంది. కాస్కేడ్ రకానికి అది 5 నుంచి 7 దాకా, సిట్రా రకానికి 11 నుంచి 13 దాకా ఉండటం మామూలు. ఆ అంకెతో చేదు లెక్కగట్టవచ్చు. కాస్కేడ్‌లో పంపరపనస తొక్క వాసన, సిట్రాలో మామిడిని తలపించే వాసన ఉంటాయన్న సంగతి మాత్రం దాన్నిబట్టి తెలియదు. మాల్టు మీద 40, 60, 80 అని లోవిబాండ్ అంకె ఉంటుంది. అది రంగు కొలత. ఈస్ట్ మీద 73 నుంచి 77 శాతం అని ఉంటే, వర్ట్ అనే పులియని మాల్టు రసంలోని చక్కెరల్లో ఎంత భాగాన్ని అది తినేస్తుందో చెబుతున్నారన్నమాట. ఇవన్నీ పనికొచ్చే కొలతలే. కొనేవాడికి అసలు కావలసిన సమాచారం వీటిలో లేదు.

పోటీల్లో న్యాయనిర్ణేతలు దేనికి మార్కులు వేస్తారో చూస్తే ఈ లోటు ఎంతటిదో అర్థమవుతుంది. బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ పత్రంలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. వాసన, రుచి, నోటి స్పర్శ కలిపితే 37. నూటికి 74 వంతుల మార్కులు తాగి చూస్తే తప్ప తేలవు. ప్యాకెట్ చూసి ముందే చెప్పగలిగిన రంగు ఆ 3 మార్కుల్లో ఒక భాగం మాత్రమే.

అయితే రుచి చూపించాలంటే ప్రతిసారీ బీరే పోయాలా? అక్కర్లేదు. మాల్టుకైతే అసలే అక్కర్లేదు. అమెరికాలో బ్రూయింగ్ రసాయన శాస్త్రవేత్తల సంఘం ఆమోదించిన ‘హాట్ స్టీప్’ అనే పద్ధతి ఉంది. 50 గ్రాముల మాల్టును పొడి చేసి, 65 డిగ్రీల వేడి నీళ్లు 400 మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోసి కలిపి, 15 నిమిషాలు ఆగి వడకట్టాలి. అంతే, ఆ మాల్టు రుచి కప్పులోకి దిగుతుంది. అందులో ఆల్కహాల్ చుక్క కూడా ఉండదు. మద్యం లైసెన్సు ప్రసక్తే రాదు. ముదురు రంగు మాల్టులను మామూలు మాల్టుతో కలిపి తక్కువ పాళ్లలో వాడి, నాలుగు రకాలు నాలుగు ఫ్లాస్కుల్లో పెడితే పూట గడవకముందే కొనేవాళ్లకు కాలిన రొట్టె రుచికీ, తేనె రుచికీ, కాఫీ చేదుకీ తేడా తెలిసిపోతుంది. ఖర్చు దాదాపు లేని ఈ పనిని చేయకపోవడానికి ఏ దుకాణానికీ కారణం కనిపించదు.

ఈస్ట్ దగ్గరికి వచ్చేసరికి ఈ దారి మూసుకుపోతుంది. పులియకముందు ఈస్ట్ రుచి అంటూ ఏదీ ఉండదు. ఒకే వర్ట్‌ను రెండు పాత్రల్లో పోసి, ఒకదాంట్లో జర్మన్ గోధుమ బీరు ఈస్ట్, ఇంకోదాంట్లో సాధారణ అమెరికన్ ఏల్ ఈస్ట్ వేస్తే, మొదటిదాంట్లో అరటిపండు, లవంగాల వాసన వస్తుంది. రెండోది శుభ్రంగా, తటస్థంగా ఉంటుంది. ఈ తేడాను ఎంత వర్ణించినా ఒక గుక్క తాగినంతగా బోధపడదు. శాన్‌డియెగోలోని వైట్ ల్యాబ్స్ అనే ఈస్ట్ కంపెనీ తన టేస్టింగ్ రూములో ఇదే చేసింది. వంటకం ఒకటే, ఈస్ట్ మాత్రం వేరు, గ్లాసులు పక్కపక్కన. దుకాణాల్లో రుచి చూపించడమంటే నా దృష్టిలో ఇదీ. ‘మా బీరు ఎంత బాగుందో చూడండి’ అనడం కాదు, ఒక్క అంశం మార్చి ఏం మారిందో చూపడం.

దీనివల్ల దుకాణదారు మాటను పరీక్షించే అవకాశం కూడా కొనేవాడికి దొరుకుతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. మూడు గ్లాసుల పరీక్ష అని ఒకటుంది. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది పోసి, వేరుగా ఉన్నది ఏదో పట్టుకోమంటారు. ఊరికే ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు మంది సరిగ్గా చెప్పేస్తారు. 24 మంది తాగితే 8 మంది అలా గురి కుదిరినవాళ్లు కావచ్చు. తేడా నిజంగా ఉందని గణాంక శాస్త్రం లెక్కలో ఒప్పుకోవాలంటే, ఊహతోనే ఆ ఫలితం వచ్చే అవకాశం 5 శాతానికి లోపే ఉండాలనే మామూలు ప్రమాణం ప్రకారం, కనీసం 13 మంది పట్టుకోవాలి. ఖరీదైన మాల్టుతో చేసిన బీరునూ చౌక మాల్టుతో చేసినదాన్నీ ఇలా పెడితే 9 మందే పట్టుకున్నారనుకోండి, ఆ ఎక్కువ ధర ఎందుకు పెట్టాలో కొనేవాడు నిలదీయవచ్చు. ఇలాంటి పరీక్షకు ఒప్పుకున్న దుకాణం ఆ పూట ఖరీదైన సరుకు అమ్మకం కొంత పోగొట్టుకుంటుంది. కానీ ఏడాదికి ఎనిమిదిసార్లు వచ్చే మనిషి నమ్మకం సంపాదిస్తుంది.

ఇక మత్తు లెక్క. అమెరికాలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 14 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. 5 శాతం బీరు 12 ఔన్సుల్లో అంత ఉంటుంది. రెండు ఔన్సుల గ్లాసులో దాదాపు 2.3 గ్రాములు. ఆరు గ్లాసులు కలిస్తే ఒక డ్రింకు. మూడు గ్లాసుల పరీక్ష ఒకటి పూర్తిచేస్తే సగం డ్రింకు. భయపడాల్సినంత కాదు గానీ, పట్టించుకోకుండా వదిలేసేంత తక్కువా కాదు. అక్కడ దుకాణానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కారులోనే వస్తారు, కారులోనే వెళ్తారు. యూటా రాష్ట్రంలో 2018 డిసెంబరు చివరి నుంచి డ్రైవర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.05 శాతమే.

కాలిఫోర్నియాలో మద్యం దుకాణాల్లో రుచి చూపించడానికి ప్రత్యేక లైసెన్సు ఉంది. దాని ప్రకారం బీరు మనిషికి రోజుకు 8 ఔన్సులు మించకూడదు. 5 శాతం బీరైతే 8 ఔన్సులు మూడింట రెండు వంతుల డ్రింకు. అదే 10 శాతం ఉండే ఇంపీరియల్ స్టౌట్ అయితే ఒకటింబావు డ్రింకు కంటే ఎక్కువ. పరిమితిని ఔన్సుల్లో పెడితే ఇదీ ఇబ్బంది. ఆల్కహాల్ గ్రాముల్లో పెట్టాలి. మనిషికి 10 గ్రాములు దాటకూడదని పెట్టుకుంటే మామూలు బీరు నాలుగు గ్లాసులు దొరికినట్టు, ఘాటుది రెండు మాత్రమే దొరికినట్టు అవుతుంది.

చట్టం దగ్గరే దుకాణాలు తడబడతాయి. ఇంట్లో వైన్ చేసుకోవడానికి 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడే దారి దొరికింది. బీరుకు మాత్రం 45 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం చేసిన చట్టం తర్వాతి ఏడాది ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. సొంతానికి, కుటుంబానికి మాత్రమే, అమ్మకూడదు. రాష్ట్రాలు కూడా విడిగా అనుమతించాలి. మిసిసిపీ, అలబామా 2013లో గానీ అనుమతించలేదు.

మాల్టు, హాప్స్, ఈస్ట్ మద్యం కావు కాబట్టి వాటిని అమ్మడానికి మద్యం లైసెన్సు అవసరం రాదు. అదే దుకాణం సొంత సరుకుతో బీరు చేసి వచ్చినవాళ్లకు పోస్తే, అది ‘సొంత, కుటుంబ’ వాడకమని వాదించడం కష్టం. ఫెడరల్ నిబంధనలు ఇంట్లో చేసిన బీరును పోటీలకూ, రుచి చూసే సమావేశాలకూ తీసుకెళ్లనిస్తాయి. రాష్ట్రాల నిబంధనలు మాత్రం వేరువేరు. ఒరెగాన్‌లో 2010లో చట్టానికి కొత్త భాష్యం రావడంతో స్టేట్ ఫెయిర్‌లో ఇంటి బీర్ల పోటీయే రద్దయింది. 2011లో చట్టం సవరించాక గానీ చిక్కు వీడలేదు. లైసెన్సు లేని దుకాణానికి భద్రమైన దారి, తమ రాష్ట్రం ఒప్పుకుంటే, ఔత్సాహికుల క్లబ్బు సమావేశానికి చోటివ్వడం. ఎవరు చేసిన బీరు వాళ్లు తెచ్చుకుంటారు, డబ్బు చేతులు మారదు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లు ఈ అభిరుచి పెట్టుకుంటే తమ రాష్ట్ర నిబంధనలు చూసుకుంటే చాలు. ఇక్కడి సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. సూట్‌కేసులో కిట్ తెచ్చి ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

ఖర్చు సంగతి తేలిక. ఒక దఫా సరుకుకు 40 డాలర్లు అవుతుందనుకుందాం. 5 గ్యాలన్లంటే 640 ఔన్సులు, అంటే రెండు ఔన్సుల గ్లాసులు 320. గ్లాసుకు 12.5 సెంట్లు. మనిషికి నాలుగు గ్లాసులు పోసినా అర డాలరు, 80 మందికి సరిపోతుంది. లైసెన్సు రుసుము, బీమా, 21 ఏళ్లు నిండాయో లేదో కార్డు చూసి పోసే మనిషి జీతం, వీటిముందు బీరు ఖర్చు లెక్కలోకే రాదు. కాబట్టి నెలకోసారి, ఒకే ప్రశ్న చుట్టూ, పేర్లు ముందుగా రాయించుకుని పెడితే చిన్న దుకాణం కూడా మోయగలదు. మొదటి నెల రెండు ఈస్ట్‌లు, తర్వాతి నెల రెండు హాప్స్, ఆపైన మూడు గ్లాసుల పరీక్ష. లైసెన్సు వచ్చేదాకా మాల్టు ఫ్లాస్కులు బల్ల మీద ఉండనే ఉంటాయి.